ఏంజెల్ చేప: ఇంటి తొట్టిలో పెంపకం

ఏంజెల్ చేప దక్షిణ అమెరికా మంచినీటి చేప. అమెజాన్, ఒరినోకో నదీ పరీవాహకాలు, గయానా ప్రాంతపు నదులు దీని సొంత నెలవు. మన ఊళ్ల అక్వేరియం దుకాణాల్లో గుప్పీ, మోలీ, గోల్డ్‌ఫిష్‌ల పక్కన ఇది తప్పకుండా కనిపిస్తుంది. పక్క నుంచి చూస్తే ఒళ్లు దాదాపు గుండ్రంగా ఉంటుంది, ఎదురుగా వచ్చేటప్పుడు మాత్రం సన్నని నిలువు గీత తప్ప ఏమీ కనబడదు. వెన్ను మీది వాజం పైకి, పొట్ట కిందిది కిందికి బాగా సాగి ఉంటాయి. వాటికి ముందు వేలాడే రెండు శ్రోణి వాజాలు సన్నని పోగులుగా మారిపోయాయి.

దుకాణంలో కొనేటప్పుడు దీని ఒళ్లు రూపాయి నాణేనికి మించదు. ఏడాది తిరిగేసరికి అరచేతిని నింపుతుంది. ముట్టె నుంచి తోక దాకా 12-15 సెంటీమీటర్లు, వాజాల కొసలు కలుపుకుంటే ఎత్తు 20 సెంటీమీటర్లు దాటుతుంది. ఈ చేప విషయంలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. కొనేవారు కళ్లెదుట ఉన్న పిల్లకు సరిపడా తొట్టి, సరిపడా తోటి చేపలు చూసుకుంటారు. ఆరు నెలల తర్వాత ఆ తొట్టిలో ఉండేది వేరే చేప. గాజు గిన్నెలో ఏంజెల్‌ను పెట్టి అమ్మడం ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. ఏ చేపకూ గిన్నె మంచిది కాదు, దీనికి అసలే కాదు.

పగడపు దిబ్బల దగ్గర తిరిగే సముద్రపు ఏంజెల్ చేపలకూ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అవి పొమకాంథిడే కుటుంబానివి, ఉప్పునీళ్లు లేనిదే బతకవు. ఇది సిక్లిడే కుటుంబానిది. మన చెరువుల్లోకి వచ్చిపడిన తిలాపియాది కూడా ఇదే కుటుంబం. ఆ కుటుంబపు లక్షణాలు, అంటే స్థలం కోసం కొట్లాడటం, జంట కట్టడం, గుడ్లకూ పిల్లలకూ కాపలా కాయడం, ఈ నాజూకైన ఒంటిలోనూ పూర్తిగా ఉన్నాయి.

జాతులు

దీని ప్రజాతి టెరోఫిల్లమ్. ఈ పేరును ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హెకెల్ 1840లో పెట్టాడు. ఇందులో ఇప్పటికి మూడు జాతులను గుర్తిస్తున్నారు. 1823లో వర్ణించిన టెరోఫిల్లమ్ స్కేలారే అందరికీ తెలిసినది. ఇళ్లలో పెరిగే రంగురంగుల రకాలు ప్రధానంగా దీని సంతతే. 1903లో పెలెగ్రిన్ వర్ణించిన ఆల్టమ్ ఒరినోకో ఎగువ ప్రాంతంలోనూ, రియో నెగ్రోలోనూ దొరుకుతుంది. ముట్టె పైన గుంటపడినట్టుండే నొసలు దాని గుర్తు, వాజాలతో కలిపి ఎత్తు 30 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. మూడోది లియోపోల్డీ. 1963లో గోస్ దీన్ని వర్ణించి, బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ పేరు పెట్టాడు. మూడింటిలో చిన్నది ఇదే, బజారులో అరుదు. పాత పుస్తకాల్లో ఐమెకీ అనే మరో జాతి పేరు కనిపిస్తుంది. అది స్కేలారేయేనని తర్వాత తేల్చారు.

ఆల్టమ్ గురించి ఒక్క మాట. అడవి నుంచి పట్టి తెచ్చిన ఆల్టమ్‌లకు బాగా ఆమ్ల గుణమున్న, లవణాలు దాదాపు లేని నీళ్లు కావాలి. ప్రయాణపు బడలికకే చాలా చేపలు చచ్చిపోతాయి. చేపల పెంపకంలో చేయి తిరిగినవారు తప్ప దాని జోలికి పోకపోవడమే మంచిది. ఈ వ్యాసంలో ఇకపై చెప్పేదంతా స్కేలారే గురించే.

పుట్టిన నీళ్లు

అమెజాన్ ఉపనదుల్లో ఏంజెల్ చేపలు నడి ప్రవాహంలో ఉండవు. గట్ల వెంబడి నీళ్లు నిదానించే చోట, మునిగిన చెట్ల కొమ్మలు, వేళ్లు, నిలువుగా లేచిన నీటి మొక్కల నడుమ గుంపులుగా తిరుగుతాయి. వానకాలంలో నది పొంగి అడవిలోకి చేరినప్పుడు వీటి తావు చెట్ల మధ్యకు జరుగుతుంది. రియో నెగ్రో వంటి నదుల్లో రాలిన ఆకులు నాని నీళ్లు తేయాకు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. అలాంటి మసక వెలుతురులో, నిలువు వేళ్ల మధ్య, వెండి ఒంటి మీద నల్లటి నిలువు చారలున్న చేపను కనిపెట్టడం కష్టం. పలుచటి ఒళ్లు ఇరుకు సందుల్లోంచి జారిపోవడానికి పనికొస్తుంది. అదే కొమ్మల చాటున కదలకుండా నిలబడి, దగ్గరికొచ్చిన చిన్న చేపనో, రొయ్య పిల్లనో, పురుగునో గుటుక్కుమనిపించడానికీ అంతే పనికొస్తుంది. చూడ్డానికి సాధువులా ఉన్నా ఇది మాటు వేసి వేటాడే చేప.

ఆ చారలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. రాత్రి దీపం తీశాక వెలిసిపోతాయి, పోట్లాటలో కాటుక నలుపుకు ముదురుతాయి. కొత్త తొట్టిలో వదిలిన మొదటి రోజు చేప పాలిపోయి ఒక మూల నిలబడితే కంగారు పడనక్కర్లేదు. దీపం తీసేసి, గదిలో అలికిడి తగ్గిస్తే మర్నాటికి రంగు తిరిగి వస్తుంది.

తొట్టి

పొడవు ఎంత అని అడగడానికి ముందు ఎత్తు ఎంత అని అడగాల్సిన చేప ఇది. తొట్టి ఎత్తు కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఉండాలి. లోతు చాలని తొట్టిలో పెరిగిన ఏంజెల్‌కు వాజాలు వంకరపోతాయి, వంకర పోయినవి మళ్లీ సరికావు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టిలో సుమారు 85 లీటర్లు పడతాయి. అది జత కట్టిన రెండు చేపలకు బొటాబొటిగా సరిపోతుంది. ఆరు చేపల గుంపును పెంచాలంటే మూడడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టి కావాలి. అందులో 190 లీటర్లు పడతాయి, గాజు, ఇసుకతో కలిపి బరువు 200 కిలోలు దాటుతుంది. టీవీ బల్ల ఆ బరువు మోయలేదు. ఇనుప స్టాండు చేయించుకుని, దాని మీద థర్మకోల్ షీటు పరిచి తొట్టి పెట్టడం మన దగ్గర మామూలు.

లోపల అలంకరణ కూడా నిలువుగానే ఉండాలి. వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్ వంటి మొక్కలు, నిలబెట్టిన చెక్క మొద్దులు, నల్లరాతి పలకలు ఉంటే ఒక చేప మరొకదాని కంటబడకుండా తప్పుకోవడానికి చాటు దొరుకుతుంది. ముందు వైపు ఈదడానికి ఖాళీ వదలాలి. కొసలు తేలిన రాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు పలుచటి వాజాలను చింపుతాయి. ఇక నీళ్లను వడిగా తిప్పే ఫిల్టరు పెడితే ఈ చేప రోజంతా ఆ వడికి ఎదురీదడంతోనే అలసిపోతుంది. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చవక, నిదానం, పిల్లలను లాగేసుకోదు. చూపుకు అందంగా ఉండదన్నది దానిమీద ఉన్న ఒకే ఫిర్యాదు.

నీళ్లు

చేపలు పెంచడమంటే సగం నీళ్లను పెంచడమే. చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. అది విషం. ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో స్థిరపడే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిపాటిగా ఉంటే చేప తట్టుకుంటుంది, వారం వారం నీళ్లు మార్చినప్పుడు అది బయటికి పోతుంది. ఈ బాక్టీరియా కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి, చేపలు ఒకే రోజు కొని తెచ్చి, పది రోజుల్లో ఒక్కొక్కటీ తేలిపోతుంటే దుకాణం వాడిని తిట్టుకునే ఇళ్లలో జరిగింది చాలాసార్లు ఇదే. చేపకు జబ్బు లేదు, తొట్టికి ఇంకా వయసు రాలేదు. నడుస్తున్న తొట్టి నుంచి పాత స్పాంజి ముక్క తెచ్చి కొత్త ఫిల్టరులో పెట్టుకుంటే ఈ గడువు బాగా తగ్గుతుంది.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. వీటిని చూపే పరీక్ష కిట్లు దొరుకుతాయి, ఖరీదైన అలంకరణ బొమ్మ కన్నా ముందు కొనవలసింది అదే. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చడం మంచి అలవాటు. నెలకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, ఇసుకతో సహా సబ్బు నీళ్లతో కడిగే పద్ధతి మన ఇళ్లలో బలంగా ఉంది. దానివల్ల తొట్టి తళతళలాడుతుంది, బాక్టీరియా మొత్తం పోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. స్పాంజిని కూడా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కాదు. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది బాక్టీరియాను చంపుతుంది, చేప మొప్పలను కాలుస్తుంది. బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. ఆగలేనివారికి దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ ఉంది.

నీళ్లు మెత్తగా, కొద్దిపాటి ఆమ్లంగా ఉండాలని పుస్తకాలు చెబుతాయి. తెలంగాణలోనూ, రాయలసీమలోనూ చాలా బోర్లలో వచ్చేది కఠిన జలం, పీహెచ్ ఏడున్నర దాటడం మామూలే. తరతరాలుగా తొట్లలోనే పుట్టి పెరిగిన ఏంజెళ్లు అలాంటి నీళ్లకూ అలవాటు పడతాయి. పీహెచ్ దించడానికి రోజుకో మందు పోయడం కన్నా, కొంచెం ఎక్కువగా ఉన్నా ఒకేలా ఉండే నీళ్లే చేపకు సుఖం. అయితే పీహెచ్ పెరిగినకొద్దీ అమ్మోనియా విషం తీవ్రమవుతుంది కాబట్టి, బోరు నీళ్ల తొట్టిలో మేత మిగలనివ్వకూడదు. గుడ్లు పొదగాలనుకుంటే మాత్రం మెత్తటి నీళ్లు అవసరం. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంటే శుద్ధి అయిన నీళ్లను బోరు నీళ్లలో కలుపుకోవచ్చు. ఆ యంత్రం గొట్టంలోంచి బయటికి వదిలేసే వృథా నీళ్లలో లవణాలు ఇంకా చిక్కబడి ఉంటాయి. వాటిని తొట్టిలో పోయకూడదు.

ఎండ, చలి

25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ ఈ చేపకు హాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి కోస్తా ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు హీటరు లేకుండానే గడుస్తుంది. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులకూ, ఆదిలాబాద్ వైపు చలికాలమంతటికీ హీటరు ఉండాలి. లీటరుకు ఒక వాటు చొప్పున లెక్క చూసుకుంటే చాలు.

మనకు అసలు కష్టం ఎండాకాలం. గదిలోని తొట్టి 32, 33 డిగ్రీలకు చేరుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఉండేది 32 దగ్గర సుమారు 7.3కు పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. చేపలు పైకొచ్చి నోరు తెరిచి మూసుకుంటుంటే సంగతి అదే. గాజు మూత తీసి, జాలీ వేసి, నీటి పైభాగానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైపోయిన మేరకు నీళ్లు చేర్చుకుంటూ ఉండాలి. కరెంటు పోయినప్పుడు నడవడానికి బ్యాటరీ గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మేలు.

మేత

రోజుకు రెండుసార్లు, రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంత వేస్తే చాలు. నాణ్యమైన రేకుల మేత గానీ గుళికలు గానీ రోజువారీకి సరిపోతాయి. వారంలో ఒకటి రెండుసార్లు గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్, ఆర్టీమియా వేస్తే చేప ఒళ్లు చేస్తుంది. మురుగు కాలవల్లోంచి తెచ్చే పచ్చి ట్యూబిఫెక్స్ పురుగులను ఏంజెళ్లు ఎగబడి తింటాయి. వాటితో పాటు రోగాలూ వస్తాయి కాబట్టి ఎండబెట్టిన రకం మేలు. మనిషి తొట్టి దగ్గరికి రాగానే గాజుకు ఆనుకుని ఊగే అలవాటు ఈ చేపకు త్వరగా అబ్బుతుంది. అది ఆకలి అనుకుని ఇంటిల్లిపాదీ తలో చిటికెడు వేస్తే చేప చెడుతుంది, నీళ్లూ చెడతాయి.

తోటి చేపలు, కొట్లాటలు

నోట్లో పట్టేదంతా ఏంజెల్‌కు మేతే. నియాన్ టెట్రాలు, గుప్పీ పిల్లలు మొదట్లో దీనితో కలిసి ఈదుతాయి. ఏంజెల్ పెద్దదయ్యాక ఒక్కొక్కటీ తగ్గుతూ వస్తాయి. టైగర్ బార్బ్‌లు తిరగబడి దీని వాజాల కొసలు కొరుకుతాయి. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి. కొంచెం పెద్ద టెట్రాలు, కోరిడోరాస్, ప్లాటీలు సరైన జోడీ. పాచి తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది, రాత్రిళ్లు ఏంజెల్ ఒంటికి అతుక్కుని జిగురు పొరను గీరేస్తుంది.

తమలో తాము కూడా ఊరికే ఉండవు. పక్కపక్కన నిలబడి తోకతో నీళ్లను ఎదుటిదాని మీదికి కొట్టడం, మూతులు కరిచి పట్టుకుని లాగడం మామూలు కొట్లాట. రెండు మూడు చేపలను పెంచితే బలమైనది బలహీనమైనదాన్ని మూలకు నెట్టి చంపేదాకా వదలదు. ఆరింటిని పెంచితే దెబ్బలు పంచుకుపోతాయి. గుంపు వీటికి ఎంత ముఖ్యమో స్పెయిన్‌లోని ఒవియెదో విశ్వవిద్యాలయానికి చెందిన గోమెజ్-లాప్లాజా, కెనడాకు చెందిన గెర్లై కలిసి ఏంజెల్ పిల్లలపై చేసిన ప్రయోగాల్లో తెలిసింది. ఇటు ఒక గుంపు, అటు ఒక గుంపు చూపిస్తే చేప పెద్ద గుంపు వైపు వెళ్లింది. సంఖ్యల మధ్య తేడా తగ్గేకొద్దీ ఎంచుకోలేకపోయింది. అంటే దీనికి ఎక్కువ తక్కువల లెక్క కొంత తెలుసు.

జంట, గుడ్లు, పిల్లలు

ఆడ, మగ తేడా పైకి తెలియదు. దుకాణంలో "ఇది మగ, ఇది ఆడ" అని జత చేసి ఇచ్చే మాటకు విలువ లేదు. ఆరు పిల్లలను తెచ్చి పెంచితే, ఎనిమిది పది నెలల వయసుకు వాటిలో రెండు జట్టు కట్టి, ఒక మూలను ఆక్రమించి, మిగతావాటిని తరిమేస్తాయి. గుడ్లు పెట్టే ముందు పొట్ట కింద చిన్న నాళం బయటికి వస్తుంది. మగదానికి అది సన్నగా, మొనతేలి ఉంటుంది. ఆడదానికి లావుగా, మొద్దుగా ఉంటుంది. నమ్మదగిన గుర్తు ఇదొక్కటే. రెండు ఆడ చేపలు జట్టు కట్టి, రెండూ గుడ్లు పెట్టి, రెండూ కాపలా కాయడం కూడా జరుగుతుంది. ఆ గుడ్లన్నీ మర్నాటికి తెల్లబడతాయి.

నిలువుగా ఉన్న ఆకును గానీ, పలకను గానీ, ఒక్కోసారి ఫిల్టరు గొట్టాన్ని గానీ ఎంచుకుని జంట దాన్ని మూతులతో పొడుస్తూ శుభ్రం చేస్తుంది. ఆడది కింది నుంచి పైకి మెల్లగా జరుగుతూ వరసగా గుడ్లను అతికిస్తుంది, వెనకే మగది వచ్చి వాటిని ఫలదీకరిస్తుంది. గంట, గంటన్నరలో కొన్ని వందల గుడ్లు తేనెరంగు చుక్కలుగా పలక నిండా పరుచుకుంటాయి. ఆ తర్వాత రెండూ వంతులవారీగా వాజాలతో వాటికి నీళ్లు విసురుతుంటాయి. తెల్లబడి బూజు పట్టిన గుడ్డును ఏరి తినేస్తాయి. 27-28 డిగ్రీల దగ్గర రెండున్నర రోజులకు గుడ్లు పగులుతాయి. పిల్లలు వెంటనే ఈదవు. తల మీది జిగురు గ్రంథులతో ఆకుకు వేలాడుతూ తోకలు ఆడిస్తుంటాయి. ఊడి కింద పడినదాన్ని తల్లో తండ్రో నోటితో పట్టి మళ్లీ అంటిస్తుంది. మరో నాలుగైదు రోజులకు పచ్చసొన అయిపోయి, గుంపుగా ఈదడం మొదలుపెడతాయి.

మొదటి కాన్పుల్లో తల్లిదండ్రులే గుడ్లను తినేయడం సర్వసాధారణం. దీపం ఆర్పి వేయడం, పక్కన వేరే చేపలు తిరగడం, అదేపనిగా మనం తొంగి చూడటం దాన్ని ఇంకా పెంచుతాయి. అమ్మకం కోసం పెంచేవారు గుడ్లున్న పలకను తీసి వేరే తొట్టిలో పెట్టి, బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ చుక్కలు వేసి, గాలి బుడగలు వదులుతారు. గుడ్లు తీసేస్తే జంట రెండు వారాల్లోపే మళ్లీ పెడుతుంది. లాభం ఉంది, కానీ పిల్లలను వెంటేసుకుని తిరిగే ఏంజెల్ జంటను చూసే అవకాశం పోతుంది. ఇంట్లో పెంచేవారికి పిల్లల లెక్క కన్నా ఆ దృశ్యమే విలువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈదడం మొదలైన పిల్లలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా కన్నా మంచి మేత లేదు. ఉప్పునీళ్లలో 28 డిగ్రీల దగ్గర ఆర్టీమియా గుడ్లు ఒక రోజులో పొదుగుతాయి. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన కలిపిన నీళ్లు పోయమని చెప్పేవారున్నారు. అది పిల్లల కడుపులోకి పోయేది తక్కువ, తొట్టిని కుళ్లబెట్టేది ఎక్కువ. ఏంజెల్ పిల్లలు మొదట మామూలు చేప పిల్లల్లా సన్నగా ఉండి, మూడు నాలుగు వారాలకు ఏంజెల్ రూపం తిరుగుతాయి.

రకాలు

20వ శతాబ్దం తొలి ఏళ్లలో జర్మనీ ద్వారా ఐరోపా తొట్లలోకి ప్రాణంతో చేరిన చేప, తర్వాత అమెరికాలోని పెంపకందారుల చేతుల్లో రంగులు మార్చుకుంది. నలుపు, పొడవాటి వాజాల వెయిల్, మచ్చల మార్బుల్, బంగారు రంగు, తలమీద నారింజ మెరిసే కోయి, పొలుసులు ముత్యాల్లా మెరిసే పెర్ల్‌స్కేల్ వంటివి ఒక్కో జన్యు మార్పు నుంచో, కొన్నింటి కలయిక నుంచో వచ్చాయి. వీటి వారసత్వ సూత్రాలను అమెరికా పరిశోధకురాలు జోయాన్ నార్టన్ 1980, 90 దశకాల్లో వరస వ్యాసాలుగా తేటతెల్లం చేశారు. ఉదాహరణకు డార్క్ అనే జన్యువు ఒక్కటుంటే చేప వాజాల్లో నల్లటి అల్లిక కనిపించే బ్లాక్ లేస్ అవుతుంది. రెండుంటే ఒళ్లంతా నల్లబడుతుంది. ఆ పూర్తి నల్ల పిల్లలు మిగతావాటికన్నా బలహీనం, పెంచడం కష్టం. చారల చేపే గట్టిది. కొత్తగా మొదలుపెట్టేవారికి అదే సరైనది.

జబ్బులు

ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే అది ఇక్ అనే పరాన్నజీవి. చేప చర్మం కింద ఉన్నప్పుడు దానికి మందు తగలదు, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే చుక్కలు పోయాక కూడా వారం రోజులు వైద్యం ఆపకూడదు. వేడిని 30 డిగ్రీలకు పెంచి, గాలి ఎక్కువగా వదిలి, కొద్దిగా కల్లుప్పు వేస్తే తొలి దశలో తగ్గుతుంది. మేత మానేసి, తెల్లటి జిగట దారంలా రెట్ట వేస్తే పేగుల్లోని కశాభ జీవులను అనుమానించాలి. దానికి మెట్రోనిడజోల్ కలిపిన మేత వాడతారు. ఎక్కువ జబ్బులు కొత్త చేపతోనే ఇంట్లోకి వస్తాయి. మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూశాక కలపడం ఏ మందు కన్నా చవక. బాగా చూసుకుంటే ఏంజెల్ పదేళ్లు బతుకుతుంది.

బజారు, మిగులు చేపలు

తెలుగు రాష్ట్రాల దుకాణాలకు వచ్చే ఏంజెళ్లలో చాలా భాగం చెన్నైలోని కొళత్తూరు నుంచి వస్తాయి. అక్కడ ఇళ్ల మేడల మీద, పెరళ్లలో సిమెంటు తొట్లు కట్టి అలంకార చేపలను పెంచి అమ్మడం ఎన్నో కుటుంబాలకు బతుకుదెరువు. చేప ఆకారంలో కట్టిన భవనంతో హైదరాబాదులో అందరికీ గుర్తుండే జాతీయ మత్స్య అభివృద్ధి మండలి అలంకార చేపల పెంపకాన్నీ ప్రోత్సహిస్తోంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పెరటి యూనిట్లకు రాయితీ ఉంది. ఒక జంట పెట్టే పిల్లలతో గదులు నిండిపోతాయి కాబట్టి, పొదిగించే ముందే పిల్లలను తీసుకునే దుకాణంతో మాట్లాడుకోవాలి. పెంచలేని చేపను చెరువులో వదలడం మాత్రం కుదరదు. అలా తొట్ల నుంచి బయటపడిన సక్కర్ చేప ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరువుల్లో ఇప్పుడు దెయ్యం చేపగా పేరు తెచ్చుకుని, వలలు చింపుతూ చేపల రైతులను ఏడిపిస్తోంది.